దొడ్లో మిరప మొక్కకు నీళ్లెప్పుడు, ఎరువెంత?

కడియం నర్సరీల వైపు వెళ్లి ఓ డజను మిరప నారు తెచ్చుకుని దొడ్లో వేసినవాళ్లు నెల తిరిగేసరికి అడిగేది దాదాపు ఒకటే. "ఆకులు పసుపుపచ్చగా అయిపోతున్నాయండీ, ఏ ఎరువు వేయమంటారు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. నీళ్లు ఎప్పుడు పోశారు, అవి ఎక్కడి నీళ్లు? గోదావరి డెల్టాలో ఇంటి మిరప ఆకలితో చనిపోవడం చాలా అరుదు. ఎక్కువైన నీళ్లతో పోతుంది, ఉప్పు నీళ్లతో పోతుంది, అక్కర్లేనప్పుడు వేసిన ఎరువుతో పోతుంది. అందుకే కింది వరుసలో నీళ్లు ముందు, ఎరువు తర్వాత పెట్టాను. ఆ వరుస మార్చకండి.

రాసింది మిరప కోసమే అయినా వంగకు, టమాటాకు కూడా చాలావరకు ఇదే పద్ధతి సరిపోతుంది.

కావలసినవి

- 12 అంగుళాల కుండీలు లేదా గ్రోబ్యాగులు. అడుగున కనీసం నాలుగు కన్నాలు ఉండాలి. నేలలో వేసేవాళ్లకు ఇవి అక్కర్లేదు.
- బాగా మాగిన పశువుల ఎరువు, వేప పిండి, కొబ్బరి పొట్టు.
- 19-19-19, 13-0-45 అనే నీటిలో కరిగే ఎరువులు చిన్న ప్యాకెట్లు. ఆ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. పూర్తిగా సేంద్రియంగా పెంచుతామంటే ఇవి లేకపోయినా నడుస్తుంది, దారి కింద చెప్పాను.
- లీటరు మగ్గు, ఒక టీ చెంచా, మూత ఉన్న బకెట్.
- టీడీఎస్ మీటర్, అంటే నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) లెక్కన చూపే చిన్న పరికరం. వాటర్ ఫిల్టర్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, ఖరీదు కొద్దే. తీర ప్రాంతం వాళ్లు దీన్ని తప్పకుండా కొనుక్కోండి.

1. ముందు మీ నీళ్లేమిటో తెలుసుకోండి

కాలువ నీళ్లు, పంచాయతీ కుళాయి నీళ్లు అయితే పెద్ద టెన్షన్ అక్కర్లేదు. బోరు, నుయ్యి అయితే మాత్రం కొలవాలి. సఖినేటిపల్లి, అంతర్వేది, ఉప్పలగుప్తం, నరసాపురం వైపు నీళ్లలో ఉప్పు మామూలే. రొయ్యల చెరువులకు దగ్గరలో ఉన్న ఇళ్లకు కూడా అదే ఇబ్బంది. నోటికి ఉప్పు తగిలేదాకా ఆగకండి, మొక్కకు అంతకంటే చాలా ముందే తెలుస్తుంది.

మీటర్ 450 పీపీఎం లోపు చూపిస్తే హాయిగా పోయండి. 650 దాకా కూడా మిరప తట్టుకుంటుంది. 950 దగ్గరికి వచ్చేసరికి కాపు ఇంచుమించు పదో వంతు తగ్గుతుంది, 2200 అయితే సగానికి పడిపోతుంది. ఇవి నీళ్లు కిందికి బాగా దిగిపోయే నేలకు వేసిన లెక్కలు. కుండీలో ఉప్పు ఎక్కడికీ పోదు, రోజురోజుకీ పేరుకుంటుంది. కాబట్టి కుండీకి 650 దాటిన నీళ్లు వాడకపోవడమే మంచిది.

బోరు నీళ్లు ఎక్కువ చూపిస్తే కాలువ నీళ్లో, వాన నీళ్లో సగానికి సగం కలిపి మళ్లీ కొలవండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, కలపడానికి బాగా పనికొస్తాయి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక జూన్‌లో మళ్లీ వదిలేదాకా ఊళ్లో చాలామంది బోరు మీదే ఆధారపడతారు. శీతాకాలమంతా బాగున్న మొక్క ఎండాకాలంలో అంచులు మాడిపోయి కనిపించడానికి ఎండ ఒక్కటే కారణం కాదు, మారిన నీళ్లు కూడా.

హెచ్చరిక: ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు మొక్కలకు పోయకండి. వృథా చేయకూడదన్న ఆలోచన మంచిదే కానీ ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే చేరుతుంది. వాటితో వాకిలి కడుక్కోండి. బియ్యం కడిగిన నీళ్లు అప్పటికప్పుడు పోయవచ్చు. సబ్బు నీళ్లు, ఉప్పు వేసి ఉడికించిన నీళ్లు వద్దు.

2. నీళ్లు దిగుతున్నాయో లేదో చూడండి

నేలలో వేయాలనుకుంటే ఒక అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు కొన్ని గంటల్లో దిగిపోతే ఆ చోటు పనికొస్తుంది. మర్నాడు పొద్దున్న కూడా నిలిచి ఉంటే అక్కడ నాటకండి. పంట కాలువ పక్కన, వరి చేల మధ్య ఉన్న ఇళ్లకు కింద నుంచి ఊట కూడా వస్తుంటుంది. పైన పొడిగా కనిపించినా జానెడు లోతులో బురదే.

అలాంటి చోట మెరక చేసుకోవడం తప్పదు. అడుగు ఎత్తున మడి కట్టి, చుట్టూ చిన్న బోదె తీసి, మడి మీద నాటండి. అది కుదరకపోతే గ్రోబ్యాగులే మేలు. వాటినీ నేల మీద నేరుగా పెట్టకుండా రెండేసి ఇటుకల మీద పెట్టండి. లేకపోతే అడుగు కన్నాలు మట్టితో మూసుకుపోతాయి.

అమలాపురం దిగువన సముద్రం వైపు ఇసుక నేలల వాళ్లకు కష్టం దీనికి పూర్తిగా ఎదురు. పోసిన నీళ్లు, వేసిన ఎరువు రెండూ నిలవవు. మీరు మొక్కకు రెండు తట్టల పశువుల ఎరువు ఎక్కువ కలపండి. నీళ్లు, ఎరువు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వండి.

3. కుండీ మట్టి కలపడం

చేలో తెచ్చిన నల్లమట్టిని ఒక్కదాన్నే కుండీలో నింపితే నెల తిరక్కుండానే ఇటుకలా గట్టిపడుతుంది. మట్టి ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలపండి. లంక ఒండ్రు దొరికితే పొట్టు సగం తగ్గించవచ్చు. కుండీకి గుప్పెడు వేప పిండి వేయండి.

ఎరువు మాగిందో లేదో చేత్తో తెలుస్తుంది. గుప్పిట్లోకి తీసుకుని నలిపితే పొడిగా రాలాలి, వాన పడ్డ మట్టి వాసన రావాలి, కుప్పలోకి చెయ్యి పెడితే వేడి తగలకూడదు. పేడ వాసన వస్తే ఇంకా రెండు మూడు నెలలు ఆగాలి. పచ్చి పేడ వేస్తే వేళ్లు కాలిపోతాయి, వేరు పురుగు కూడా దాంతోపాటే వస్తుంది. అనపర్తి, బిక్కవోలు వైపు కోళ్ల ఎరువు చవగ్గా దొరుకుతుంది. అది ఇంకా వేడి. పూర్తిగా మాగాకే వాడండి, అది కూడా పశువుల ఎరువు వేసే చోట నాలుగో వంతు చాలు.

కోనసీమలో కొబ్బరి పొట్టుకు కొదవ లేదు కానీ కొన్ని చోట్ల పొట్టులో ఉప్పు ఉంటుంది. బకెట్లో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోయండి. మూడుసార్లు అలా చేసి చివరి నీళ్లలో మీటర్ పెట్టండి. మీరు పోసిన నీళ్ల కంటే పెద్దగా తేడా లేకపోతే పొట్టు సిద్ధమైనట్టే.

4. నాటిన మొదటి రెండు వారాలు

ఎరువు ఏమీ వద్దు. మట్టిలో కలిపింది చాలు. సాయంత్రం పూట నాటి, మొదలు దగ్గర పావు లీటరు పోయండి. తర్వాత రోజూ కొద్దిగా, వేరు ఉన్న చోటే. మధ్యాహ్నం ఎండకు రెండు మూడు రోజులు నీడ పట్టండి, కొబ్బరి మట్ట అడ్డం పెట్టినా సరిపోతుంది. ఈ దశలో నేల చిత్తడిగా ఉంటే నారు మొదలు దగ్గర నల్లబడి, సన్నబడి ఒరిగిపోతుంది. అదే నారుకుళ్లు. ఒరిగిన మొక్క లేవదు, పీకి పారేసి మిగతావాటికి నీళ్లు తగ్గించండి.

5. ఎప్పుడు పోయాలి, ఎంత పోయాలి

రోజుకు ఎన్నిసార్లు అని అడగకండి, మట్టిని అడగండి. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దింపండి. వేలికి తడి మట్టి అంటుకుని వస్తే ఇవాళ నీళ్లు వద్దు. పొడిగా, శుభ్రంగా వస్తే పోయాలి. కుండీ అయితే ఇంకో పద్ధతి ఉంది. నిండా నీళ్లు పోసి కారడం ఆగాక కుండీని ఒక పక్కకు కొద్దిగా ఎత్తి బరువు చూసుకోండి. రెండు రోజుల తర్వాత మళ్లీ ఎత్తండి. నాలుగైదు సార్లు అలా చూస్తే చేతికే తెలిసిపోతుంది, వేలు పెట్టాల్సిన పని కూడా ఉండదు.

పోసేటప్పుడు పైపైన చిలకరించవద్దు. కుండీ అడుగు కన్నాల్లోంచి కొద్దిగా నీళ్లు కారేదాకా నిదానంగా పోసి ఆపండి. ఆ కొద్దిపాటి నీళ్లతోపాటు పేరుకున్న ఉప్పు కూడా కొంత బయటికి పోతుంది. కుండీ కింద పళ్లెం పెడితే అందులో చేరిన నీళ్లు అరగంటలో పారబోయండి.

పెద్ద మొక్క ఉన్న 12 అంగుళాల కుండీకి చలికాలంలో రోజు విడిచి రోజు లీటరు దాకా పట్టవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద ఉంటే రోజుకు రెండు లీటర్లు కూడా తాగేస్తుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. తేడా వస్తే వేలు చెప్పిందే నమ్మండి. నేలలో వేసిన మొక్కకు నల్ల నేలైతే నాలుగైదు రోజులకోసారి బాగా తడిపితే చాలు, ఇసుక నేలకు రోజు మార్చి రోజు పెట్టాలి.

పొద్దున్న ఎనిమిది లోపు పోయడం మంచిది. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే తెగుళ్లు పట్టుకుంటాయి కాబట్టి సాయంత్రం పోయాల్సి వస్తే ఆకు తడవకుండా మొదట్లోనే పోయండి.

ఇక్కడ అందరూ పడే పొరపాటు ఒకటుంది. మధ్యాహ్నం ఒంటి గంటకు మొక్క తలవాల్చి కనిపిస్తుంది. గాబరాపడి చెంబుడు నీళ్లు పోస్తారు. మండే ఎండలో వేళ్లు తోడుకునే దానికంటే ఆకుల్లోంచి ఎక్కువ నీరు పోతుంది కాబట్టి మిరప అలా వాలడం మామూలే. సాయంత్రం ఆరింటికి మళ్లీ చూడండి, తలెత్తి ఉంటే దానికి ఏ లోటూ లేదు. పొద్దున్న కూడా వాలిపోయే ఉంటే అప్పుడు వేలు పెట్టి చూడండి. మట్టి పొడిగా ఉంటే దాహం. మట్టి తడిగా ఉండి మొక్క వాలితే వేళ్లు కుళ్లుతున్నాయి, ఇక నీళ్లు పోస్తే చేజేతులా చంపినట్టే. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మట్టిని ముట్టుకోకుండా తేడా తెలియదు.

6. ఎరువు మొదలుపెట్టడం

నాటిన మూడో వారంలో కొత్త ఆకులు రెండు జతలు వచ్చాక మొదలుపెట్టండి. ఒక నియమం గుర్తుపెట్టుకోండి. పొడి మట్టికి ఎరువు నీళ్లు పోయకూడదు. ముందు మామూలు నీళ్లతో తడిపి అరగంట ఆగి అప్పుడు ఎరువు నీళ్లు పోయాలి.

కరిగే ఎరువు దారి: 19-19-19 లీటరు నీటికి 2 గ్రాములు, అంటే అర టీ చెంచాకు కొంచెం తక్కువ. మొక్కకు అర లీటరు చొప్పున 12 నుంచి 15 రోజులకోసారి పోయండి. పూత కనిపించగానే దాన్ని ఆపి 13-0-45కు మారండి, అదే మోతాదు. ప్యాకెట్ మీద ఇంకా ఎక్కువ రాసి ఉండవచ్చు, అది చేలకు. కుండీకి తక్కువ మోతాదుతో మొదలుపెట్టడమే క్షేమం.

సేంద్రియం దారి: నెలకోసారి మొక్క చుట్టూ మట్టి గుల్ల చేసి రెండు గుప్పిళ్ల మాగిన ఎరువు వేసి కప్పండి. మధ్యలో ఒకసారి చెక్క నీళ్లు. వేరుశనగ చెక్క 100 గ్రాములు లీటరు నీటిలో మూడు రోజులు నానబెట్టి, వడకట్టి, పదింతలు నీళ్లు కలిపి పోయండి. బకెట్ మీద మూత తప్పనిసరి. వాసన గట్టిగానే వస్తుంది, వంటింటి కిటికీ పక్కన మాత్రం పెట్టుకోకండి. చెక్క పొడిని నేరుగా మట్టి మీద చల్లితే బూజు పడుతుంది, చీమలూ ఎలుకలూ చేరతాయి.

ఆవు ఉన్న ఇల్లయితే జీవామృతం చేసుకోండి. 20 లీటర్ల నీటికి కిలో పేడ, అర లీటరు నుంచి లీటరు దాకా పంచకం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుల పిండి, గుప్పెడు చేను గట్టు మట్టి. నీడలో ఉంచి పొద్దున్న, సాయంత్రం కర్రతో కలుపుతూ 48 గంటలు ఆగాలి. వారం లోపు వాడేయాలి. ఒకటికి పది పాళ్ల నీళ్లు కలిపి పోయండి.

రెండు దారులూ ఒకే వారంలో కలిపేయకండి. "ఇదీ కొంచెం, అదీ కొంచెం" అని మూడు రకాలు ఒకేసారి వేసినవాళ్ల మొక్కలే ఎక్కువగా మాడిపోతాయి.

ఫలితం చూసేది కొత్త ఆకుల్లోనే. ఎరువు వేసిన వారం పది రోజులకు చిగురు ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ వస్తే సరిపోయినట్టు. పసుపెక్కిన పాత ఆకు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి మళ్లీ మళ్లీ వేయకండి. ఆకులు బాగా ముదురు రంగులో, వెడల్పుగా వచ్చి, మొక్క పొడుగ్గా సాగి, పూత రాకపోతే నత్రజని ఎక్కువైంది. పేనుబంక కూడా అలాంటి లేత మొక్క మీదికే పరుగెత్తుకొస్తుంది. నాలుగు వారాలు ఎరువు మాట మరిచిపోండి.

7. ముసురు, వాయుగుండం

వానలు పడుతున్నన్నాళ్లూ మట్టికి ఎరువు వేయకండి, కొట్టుకుపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురు రాగానే కుండీలను చూరు కిందికి జరిపి, నేలలో ఉన్నవాటికి బోదెలు శుభ్రం చేసి, కర్ర ఊతం కట్టండి.

నీళ్లు నిలిచిపోతే ముందు ఆ నీళ్లు బయటికి పంపండి. పై మట్టి ఆరాక చిన్న పారతో గుల్ల చేయండి, వేళ్లకు గాలి తగలాలి. దెబ్బతిన్న వేళ్లు ఏమీ తీసుకోలేవు కాబట్టి ఈ సమయంలో ఆకు మీద పిచికారీ చేయాలి. 19-19-19 లీటరుకు 5 గ్రాములు కలిపి, వాన లేని రోజు సాయంత్రం, వారం తేడాతో రెండుసార్లు కొట్టండి. మొక్క ఇంకా వాడుతూనే ఉంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందు లీటరుకు 3 గ్రాములు కలిపి మొదలు తడిసేలా పోయండి. చేతికి తొడుగు వేసుకోండి. కాయ ఉంటే ప్యాకెట్ మీద రాసిన గడువు దాటాకే కోసుకోండి.

8. రోహిణి కార్తె దాటించడం

మార్చి చివర నుంచి మొక్క మొదట్లో రెండు అంగుళాల మందాన వరిగడ్డి, కొబ్బరి పీచు లేదా ఎండిన అరటాకు పరవండి. కాండానికి ఆనకుండా బెత్తెడు చోటు వదలండి. చెదలు ఉన్న ఇల్లయితే వరిగడ్డి కింద కొంచెం వేప పిండి చల్లండి.

35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. అది ఎరువు లోపం కాదు, ఏం వేసినా నిలవదు. మే నెలలో ఎరువు సగానికి తగ్గించి, మధ్యాహ్నం నుంచి నీడ పడే చోటికి కుండీలు మార్చి, మృగశిర దాకా మొక్కను బతికించుకుంటే చాలు. తొలకరి పడ్డాక కొమ్మల చివర్లు కత్తిరించి, గుప్పెడు ఎరువు వేస్తే మళ్లీ చిగురుస్తుంది.

ఆకును చూసి తెలుసుకోవడం

కింది ముదురాకులు మొత్తంగా పసుపెక్కితే, మట్టి కూడా తడిగా లేకపోతే, నత్రజని తక్కువ. ఎరువు విరామం 15 రోజుల నుంచి 10కి తగ్గించండి.

ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం. మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 3 గ్రాములు కలిపి రెండుసార్లు పిచికారీ చేయండి. అదే గుర్తు లేత చిగురులో కనిపిస్తే ఇనుము అందడం లేదు. డెల్టాలో దీనికి తరచుగా కారణం నీళ్లు నిలవడమే. ముందు నీళ్లు తగ్గించి పది రోజులు చూడండి.

ఆకు చివర, అంచులు గోధుమ రంగులో కాగితంలా ఎండిపోయి, కుండీ అంచున తెల్లటి పొర కడితే అది ఉప్పు. వేలితో గీకితే పొడిలా రాలుతుంది. ఎరువు ఆపి, మంచి నీళ్లు కుండీ పరిమాణానికి రెండింతలు నిదానంగా పోసి కిందికి కారనివ్వండి. తర్వాత మట్టి ఆరేదాకా ముట్టుకోకండి.

ఇక ముడత. ఇది ఆహార లోపం కాదు, కానీ అందరూ ఎరువే వేస్తారు. ఆకు అంచులు పైకి మడిచి దోనెలా అయితే పై ముడత, తామర పురుగు పని. కిందికి మడిచి తిరగేసిన పడవలా ఉంటే కింద ముడత, నల్లి పని. తెల్ల కాగితం పట్టుకుని దాని మీద చిగురును, పువ్వును గట్టిగా తట్టండి. సన్నటి గీతల్లాంటి పురుగులు పాకితే తామర పురుగే. పువ్వులో నల్లగా కనిపించేవి 2021లో గుంటూరు మిరపను ముంచిన రకం కావచ్చు. పై ముడతకు సీసా మీద 1500 పీపీఎం అని రాసి ఉన్న వేప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కింద ముడతకు నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు, రెండూ సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. రెంటికీ మధ్య రెండు మూడు వారాలు ఎడం ఉండాలి. ఆకులు చిన్నవైపోయి, మొక్క గిడసబారి, కొత్త చిగురు కూడా ముడుచుకునే వస్తుంటే అది బొబ్బర తెగులు, వైరస్. దానికి మందు లేదు. పక్క మొక్కలకు తెల్లదోమ మోసుకెళ్లకముందే పీకి పూడ్చేయండి.

ఇవేవీ సరిపోక మొక్క తేరుకోకపోతే మట్టి పరీక్ష చేయించండి. పైనున్న చెత్త తీసేసి, దొడ్లో నాలుగైదు చోట్ల జానెడు లోతు నుంచి కొంచెం కొంచెం తీసి, నీడలో ఆరబెట్టి, కలిపి అర కిలో సంచీలో కట్టండి. ఎరువు వేసిన వెంటనే తీసిన మట్టి పనికిరాదు, నెల రోజులు ఆగాలి. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. సంచీతోపాటు మీరు పోసే నీళ్లు కూడా ఒక లీటరు సీసాలో పట్టుకెళ్లండి.